31 శాతం ఓట్లు, 15 సీట్లు

రాజకీయాన్ని చదివినవాళ్లు – 11వ భాగం

1955 ఫిబ్రవరి. ఆంధ్ర రాష్ట్రం పుట్టి ఏడాదిన్నర కూడా కాలేదు. రాజధాని కర్నూలు. పోలింగు గదిలో ఓ మూల మరుగు కట్టి ఉంది. ఆ మరుగు వెనక అభ్యర్థికో పెట్టె చొప్పున వరసగా పెట్టారు. ఒక పెట్టె మీద కాడి కట్టిన ఎడ్ల జత, అది కాంగ్రెసుది. ఇంకోదాని మీద కంకి కొడవలి, అది కమ్యూనిస్టులది. ఓటరు చేతికి చీటీ ఇస్తారు. దాని మీద ముద్ర వెయ్యనక్కర్లేదు, గీత గియ్యనక్కర్లేదు. లోపలికెళ్లి, మెచ్చిన గుర్తున్న పెట్టెలో చీటీ జారవిడిచి వచ్చేస్తే సరి. ఏ చెయ్యి ఏ పెట్టె దగ్గర ఆగిందో ఆ మరుగుకే తెలియాలి. ఎందుకు ఆగిందో దానికీ తెలియదు.

పెట్టెలు విప్పి లెక్కపెడితే వచ్చిన అంకెలు ఇవి. మొత్తం 196 స్థానాలు. కాంగ్రెసుకు 119, దానితో పొత్తు కట్టిన ఆచార్య రంగా గారి కృషికార్ లోక్ పార్టీకి 22, టంగుటూరి ప్రకాశం గారి ప్రజా పార్టీకి 5. అంటే ఆ కూటమికి 146. ప్రజా సోషలిస్టులకు 13, స్వతంత్రులకు 22. కమ్యూనిస్టులకు 15. అంతకు మూడేళ్ల ముందు, ఉమ్మడి మద్రాసు రాష్ట్రపు తొలి సాధారణ ఎన్నికల్లో, ఈ ఆంధ్ర జిల్లాల నుంచే కమ్యూనిస్టులు 41 మంది గెలిచి వచ్చారు. అలాంటి పార్టీ ఈసారి ఏకంగా రాజ్యమే ఏలుతుందని మిత్రులూ శత్రువులూ అనుకుంటుండగా, బస్సులో పట్టేంతమంది కూడా మిగల్లేదు.

పేపర్లు ఘోర పరాజయమని రాశాయి. కాదనేదేముంది? కానీ ఇంకో అంకె ఉంది. ఆ ఎన్నికలో కమ్యూనిస్టులకు పడ్డ ఓట్లు 31 శాతం పైచిలుకు. వెనకటి ఎన్నిక కంటే ఓట్ల శాతం పెరిగింది. సీట్లేమో కుప్పకూలాయి.

రాజకీయాన్ని శాస్త్రంగా చదవాలనుకునేవాడికి ఇంతకంటే మంచి పొడుపుకథ దొరకదు. దీన్ని విప్పడానికి అమెరికా నుంచి ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. తలా ఒక పద్ధతి, తలా ఒక జవాబు. గత భాగంలో ఒహాయో రాష్ట్రపు ఈరీ కౌంటీ గురించి చెప్పుకున్నాం గదా. 1940లో పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం అక్కడ 600 మందిని ఎంచుకుని, మే నుంచి నవంబరు దాకా వాళ్ల గుమ్మం తొక్కి తొక్కి, మనసెలా మారుతోందో అడిగి రాసుకుంది. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో అలా అడిగే తీరికా డబ్బూ ఎవరికీ లేకపోయాయి. ఓటరును అడక్కుండా ఓటరు మనసు ఎలా చదివారన్నదే ఈ భాగం కథ.

ముందు కాస్త పూర్వరంగం. 1954 నవంబరులో మద్యనిషేధం గొడవ మీద టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. అందుకే ఈ మధ్యంతర ఎన్నిక. అప్పటికి కేరళ రాష్ట్రమే ఏర్పడలేదు. 1957లో అక్కడ ఈఎంఎస్ నంబూద్రిపాద్ కమ్యూనిస్టు ప్రభుత్వం రావడానికి ఇంకా రెండేళ్లుంది. కమ్యూనిస్టులు బ్యాలెట్ పెట్టె ద్వారా గద్దెనెక్కితే ఎలా ఉంటుందన్న ప్రశ్న ప్రపంచంలో మొట్టమొదట గట్టిగా తలెత్తిన చోట్లలో మన డెల్టా ఒకటి. వాషింగ్టన్‌లో బెజవాడ పేరు వినిపించిందంటే కారణం అదే. సరిగ్గా 1954లోనే అమెరికా సోషల్ సైన్స్ రీసెర్చ్ కౌన్సిల్, గాబ్రియల్ ఆల్మండ్ అధ్యక్షతన, దేశదేశాల రాజకీయాలను పోల్చి చదివే సంఘం ఒకటి పెట్టింది. కొత్తగా స్వతంత్రం వచ్చిన దేశాలు ఎటు మొగ్గుతాయోనన్న బెంగ అమెరికన్లకు అప్పుడు పట్టుకుని ఉంది. పరిశోధనకు డబ్బు ఊరికే రాదు, బెంగ ఉన్నచోటికే వస్తుంది.

సెలిగ్ హారిసన్ పండితుడు కాడు, విలేఖరి. 1951 నుంచి 1954 దాకా అసోసియేటెడ్ ప్రెస్ తరఫున ఢిల్లీలో పనిచేశాడు. 1956 జూన్‌లో అమెరికన్ పొలిటికల్ సైన్స్ రివ్యూలో అతని వ్యాసం పడింది. పేరు 'కులం, ఆంధ్ర కమ్యూనిస్టులు' అని. అమెరికా రాజకీయశాస్త్రంలో ఆ పత్రికదే పెద్దపీట. అందులో కమ్మ, రెడ్డి అన్న మాటలు పేజీ పేజీనా కనబడటం ఆనాటి ప్రొఫెసర్లకు ఎలా అనిపించిందో గానీ, ఆ వ్యాసం మాత్రం నిలబడిపోయింది. ఆంధ్ర రాజకీయాల మీద తర్వాత కలం పట్టినవాళ్లలో దాన్ని తలవనివాళ్లు తక్కువ. తలుచుకుని తిట్టినవాళ్లూ ఉన్నారు.

హారిసన్ వాదం చెప్పుకుంటే సూటిగానే ఉంటుంది. గోదావరి మీద 1852లో, కృష్ణ మీద 1855లో ఆనకట్టలు పూర్తయ్యాయి. నీళ్లొచ్చాయి, వడ్లు పండాయి, డబ్బొచ్చింది. ఆ డబ్బుతో కమ్మ రైతు కుటుంబాల్లో చదువులూ పెరిగాయి. కానీ కాంగ్రెసు పెత్తనం మొదట బ్రాహ్మణుల చేతిలో, ఆ తర్వాత రెడ్ల చేతిలో ఉండిపోయింది. కొత్తగా ఎదిగిన కులానికి కూర్చోవడానికి కుర్చీ లేదు. 1934లో మొదలైన ఆంధ్ర కమ్యూనిస్టు పార్టీ ఆ కుర్చీ అయింది. చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య లాంటి నాయకులంతా ఆ డెల్టా నుంచి, ఆ కులం నుంచి వచ్చినవాళ్లే. ఇదే కులంలో రెండో చీలిక ఆచార్య రంగాది. కమ్యూనిస్టులను దుమ్మెత్తిపోసే రైతు నాయకుడాయన. కాబట్టి, హారిసన్ లెక్కలో, 1946 నుంచి 1955 దాకా జరిగిన ఎన్నికలను సిద్ధాంతాల పోరుగా కాక, రెండు పెద్ద కులాల మధ్య, ఒక కులంలోని రెండు పాయల మధ్య నడిచిన పోరుగా చదవాలి.

అతనిది పాత పత్రికా పద్ధతే. జాబితా రాసుకో, అడుగు. అభ్యర్థులెవరు, గెలిచిందెవరు, ఏ కులం, ఏ పార్టీ, ఏ జిల్లా అని పట్టికలు కట్టాడు. స్థానిక నాయకులను, పత్రికలవాళ్లను కలిశాడు. ఇక్కడో చిక్కుంది. కులాలవారీ జనాభా అంకెలు పూర్తిగా దొరికేది 1931 జనగణన దాకానే. 1951లో షెడ్యూల్డ్ కులాలూ తెగలను తప్ప మిగతావారిని కులం వారీగా లెక్కించనే లేదు. ఫలానా నియోజకవర్గంలో ఫలానా కులం ఓట్లెన్ని అని నిక్కచ్చిగా చెప్పగల కాగితం హారిసన్ చేతిలో లేదు, ఎవరి చేతిలోనూ లేదు. ఇవాళ టీవీలో కూర్చుని నియోజకవర్గాల కులాల శాతాలు గుక్కతిప్పుకోకుండా చెప్పేవాళ్లను చూసినప్పుడు నాకు హారిసన్ మీద గౌరవం పెరుగుతుంది. అతను కనీసం ఊహను ఊహలా రాశాడు.

అతని వ్యాసం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. కులం మాట ఎత్తడమే అనాగరికమని ఢిల్లీ మేధావులు అనుకుంటున్న రోజులవి. ఓటుహక్కు వస్తే కులం సన్నగిల్లుతుందని నమ్మినవాళ్లు చాలామంది. కాదు, ఎన్నికలే కులానికి కొత్త పని చూపిస్తున్నాయని హారిసన్ కళ్లకు కట్టాడు. 1957 జనవరిలో కలకత్తా సైన్స్ కాంగ్రెసులో సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ ఇచ్చిన అధ్యక్షోపన్యాసం కూడా అదే దారి పట్టింది. ఆధునిక రాజకీయాల్లో కులం బలపడుతోందని ఆయన చెబితే పత్రికలు సంపాదకీయాలు రాశాయి.

మరి లోపమెక్కడ? హారిసన్ నాయకుల జాబితా చూసి జనం గురించి తీర్పు చెప్పాడు. ఆ జాబితాలోనూ అడ్డొచ్చే పేర్లున్నాయి. ఆంధ్ర కమ్యూనిస్టు పార్టీకి పునాదిరాయి వేసిన పుచ్చలపల్లి సుందరయ్య నెల్లూరు జిల్లా అలగానిపాడు రెడ్ల ఇంటి బిడ్డ. పేరు చివరి రెడ్డిని ఆయనే తీసేసుకున్నాడు. 1955లో గెలిచిన ఆ పదిహేను మందిలో ఆయన ఒకడు, అదీ కృష్ణా జిల్లా గన్నవరం నుంచి. అంతకుముందు ఎన్నికల్లో అనంతపురంలో కాంగ్రెసు నాయకుడు నీలం సంజీవరెడ్డిని ఓడించిన కమ్యూనిస్టు తరిమెల నాగిరెడ్డి. ఆయన స్వయానా సంజీవరెడ్డికి బావమరిది. బావా బావమరుదుల పోటీని ఏ కులం పోరని రాసుకోవాలి? తెలంగాణ వైపు చూస్తే రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి. కులమే పార్టీకి తాళంచెవి అయితే ఆ తాళం కృష్ణ దాటగానే ఎందుకు పట్టలేదు?

అంతకన్నా పెద్ద లోపం ఇంకొకటుంది. 1955లో డెల్టాలో చాలాచోట్ల రెండువైపులా ఒకే కులం అభ్యర్థులను నిలబెట్టారు. ఈ సంగతి హారిసన్ రాసిందే. ఎటు చూసినా ఆ కులం మనిషే నిలబడ్డప్పుడు, గెలుపోటములకు అదే కులాన్ని కారణంగా చెప్పలేం. కులం పోటీలోకి ఎవరు దిగాలో తేల్చింది. ఎవరు నెగ్గాలో తేల్చలేదు. నా ఉద్దేశంలో హారిసన్ వ్యాసం అభ్యర్థుల గురించి చెప్పినంతమేరకు బంగారం, ఓటర్ల గురించి చెప్పినచోట గిల్టు.

సరే, ఎవరు నెగ్గాలో ఏది తేల్చింది? ఇక్కడ రెండో పద్ధతివాళ్లను పిలవాలి. వీళ్లకు కులమూ అక్కర్లేదు, మనసూ అక్కర్లేదు. నిబంధన ఏమిటి, ఓటు సీటుగా ఎలా మారుతుంది అన్నదే వీళ్ల చదువు. ఫ్రెంచి పండితుడు మోరిస్ దువెర్జే 1951లో రాజకీయ పార్టీల మీద పుస్తకం రాశాడు. 1954లో అది ఇంగ్లీషులోకి వచ్చింది. ఎక్కువ ఓట్లొచ్చిన ఒక్కడే గెలిచే పద్ధతిలో చిన్న పార్టీలు నలిగిపోతాయని, చివరికి పోటీ రెండు వైపులకు కుదించుకుపోతుందని అతను తేల్చాడు.

ఒక ఊహా నియోజకవర్గం తీసుకోండి. వంద ఓట్లు. తొలి ఎన్నికలో కమ్యూనిస్టుకు 34, కాంగ్రెసుకు 30, ప్రకాశం గారి పార్టీకి 21, రంగా గారి పార్టీకి 15 పడ్డాయనుకుందాం. కమ్యూనిస్టు గెలిచాడు. నూటికి 66 మంది వద్దన్నా గెలిచాడు. తర్వాతి ఎన్నికలో ఆ ముగ్గురూ చేతులు కలిపారు. పెద్దగా ఎవరి మనసూ మారలేదు, ఎవరి కులమూ మారలేదు. కమ్యూనిస్టుకు ఇంకో నాలుగు ఓట్లు ఎక్కువే పడి 38 అయ్యాయి. అయినా 62 ముందు చిత్తు. 31 శాతం ఓట్లను దామాషాలో పంచితే 196లో 61 సీట్లు రావాలి, వచ్చినవి 15. కాంగ్రెసు ఒక్కదానికి పడ్డవి నూటికి 39 పైచిలుకు, వచ్చిన సీట్లు మాత్రం నూటికి అరవై. తొలి ఎన్నికల్లో ఇదే యంత్రం కమ్యూనిస్టుల వైపు తిరిగింది. మద్రాసు రాష్ట్రంలో 375 స్థానాలకు గాను కాంగ్రెసు 152 దగ్గరే ఆగిపోయి, కమ్యూనిస్టులకు 62 వచ్చాయి. అప్పుడు చీలిన ఓటు వాళ్లను నిలబెట్టింది, ఇప్పుడు కలిసిన ఓటు పడగొట్టింది.

ఇక్కడితో పొడుపుకథ విడిపోయిందని అనిపిస్తుంది. చాలావరకు విడిపోయింది కూడా. సీట్లు ఎందుకు పడిపోయాయన్న ప్రశ్నకు పొత్తే మొదటి జవాబు, మిగతావన్నీ దాని తర్వాతే. ఓట్ల శాతం పెరిగిందన్న మాటను మాత్రం జాగ్రత్తగా పట్టుకోవాలి. తొలి ఎన్నికల్లో కమ్యూనిస్టులు మొత్తం మద్రాసు రాష్ట్రంలోనే 131 చోట్ల నిలబడ్డారు. 1955లో ఒక్క ఆంధ్రలోనే 169 చోట్ల నిలబడ్డారు. ఎక్కువ చోట్ల నిలబడితే ఎక్కువ ఓట్లు పోగవుతాయి, అందులో వింతేమీ లేదు. పైగా 196 స్థానాలంటే 196 నియోజకవర్గాలు కావు, 167. వాటిలో 29 చోట్ల ఇద్దరేసి సభ్యులు. అక్కడ ఓటరుకు రెండు చీటీలు. కాబట్టి 31 శాతం అన్నది ఓట్ల శాతం, మనుషుల శాతం కాదు. 'నైతిక విజయం మాదే' అని ఓడినవాళ్లు చెప్పుకునే ముందు ఈ రెండు సంగతులూ చూసుకోవాలి. ఆ మాట ప్రతి ఎన్నికలోనూ ఎవరో ఒకరు చెప్పుకుంటూనే ఉన్నారు.

పొత్తు లెక్క చెప్పని సంగతి ఒకటుంది. ఒకరినొకరు చూస్తే గిట్టని ఆ మూడు పార్టీలూ ఎందుకు కలిశాయి? నాయకులు కలిస్తే ఊళ్లో ఓట్లు కూడా కలుస్తాయని నమ్మకమేమిటి? దీనికి ప్రచారం వైపు చూసినవాడు మార్షల్ విండ్‌మిల్లర్. 1955 ఏప్రిల్లోనే, ఎన్నికల వేడి చల్లారకముందే, ఫార్ ఈస్టర్న్ సర్వేలో రాశాడు. కాంగ్రెసు బొంబాయి నుంచి ఎస్.కె. పాటిల్‌ను దింపి ప్రచారం నడిపించింది. జనవరిలో ఆవడి మహాసభలో సోషలిస్టు తరహా సమాజమని తీర్మానించి, కమ్యూనిస్టుల నినాదానికి సగం పదును తీసేసింది. దాని మీద ఇంకో దెబ్బ మాస్కో నుంచే పడింది. 1955 జనవరి 26న ప్రావ్దా పత్రిక నెహ్రూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ సంపాదకీయం వేసింది. మీ పెద్దన్నే మా నెహ్రూను మెచ్చుకుంటున్నాడు, ఇక మీరెందుకు అని కాంగ్రెసువాళ్లు ఊరూరా అడిగితే ఇక్కడి కామ్రేడ్లకు నోట మాట రాలేదు. చదవడానికి రసవత్తరంగా ఉంటుంది గానీ, ప్రావ్దా వల్ల ఎన్ని ఓట్లు అటు నుంచి ఇటు వచ్చాయో ఎవరూ చెప్పలేరు. ప్రచారం కథలన్నిటికీ ఉన్న జబ్బే ఇది. ఏం జరిగిందో తెలుస్తుంది, ఎంత పనిచేసిందో తెలియదు.

ఇంతలో అమెరికాలో గాలి మారింది. చట్టాలు, రాజ్యాంగాలు చదువుకుంటూ కూర్చుంటే చాలదు, మనుషులేం చేస్తున్నారో చూడాలి, కొలవాలి అన్న ప్రవర్తనావాదం పీఠాలన్నీ ఎక్కేసింది. ఆ బడిలో తయారైనవాడు మైరన్ వైనర్. 1961–62లో దేశం మీద పడి అయిదు చోట్లు ఎంచుకున్నాడు. గుజరాత్‌లో ఖేడా, మైసూరు రాష్ట్రంలో బెళగావి, మద్రాసు రాష్ట్రంలో మదురై, కలకత్తా నగరం, మన గుంటూరు. ప్రశ్న ఒక్కటే. కొత్తగా స్వతంత్రం వచ్చిన దేశాల్లో పార్టీలు టపటపా కూలిపోతుంటే కాంగ్రెసు ఎలా నిలబడింది? 1967లో అచ్చైన పుస్తకంలో ఆ అయిదు చోట్లలో కాంగ్రెసు ఏం చేస్తోందో దగ్గరగా చూసి రాశాడు.

వైనర్ దృష్టి కులం మీద ఆగలేదు, సిద్ధాంతం మీద అసలే ఆగలేదు. పార్టీ కార్యకర్త రోజంతా ఏం చేస్తాడు? ఒకరికి తాలూకా ఆఫీసులో కాగితం కదిలిస్తాడు, ఇంకొకరికి సహకార సంఘంలో అప్పు ఇప్పిస్తాడు, రెండిళ్ల మధ్య గొడవ సర్దుతాడు. కాంగ్రెసు బలం అక్కడుందన్నాడు వైనర్. ఊళ్లో అప్పటికే పెద్దరికం చేస్తున్నవాళ్లను మార్చడానికి చూడకుండా, వాళ్లనే పార్టీలోకి తెచ్చుకుంది. ఊరి తీరుకు తాను ఒదిగింది. గుంటూరు పల్లెల్లో ఒక్కరోజు తిరిగినవాళ్లకు ఇది నిజమని తెలుస్తుంది. అయితే గెలిచినవాడి కథ రాసేవాడికి గెలిచినవాడి గుణాలే కనిపిస్తాయి. అవే పనులు కమ్యూనిస్టు కార్యకర్తలూ చేశారు. కూలి రేట్ల కోసం, బంజరు భూముల కోసం వాళ్లు తిరిగినంత కాంగ్రెసువాళ్లు తిరగలేదు కూడా. అధికారం చేతిలో ఉన్న పార్టీ చేసే సాయానికీ, లేని పార్టీ చేసే సాయానికీ తేడాను వైనర్ ఇంకాస్త తవ్వాల్సింది.

నాకు అందరిలోకీ ఎక్కువ నచ్చింది కారొలిన్ ఎలియట్. 1970లో రజనీ కొఠారి సంకలనం చేసిన 'భారత రాజకీయాల్లో కులం' పుస్తకంలో ఆంధ్ర రెడ్లు, కమ్మల మీద ఆమె వ్యాసం ఉంది. చెప్పింది చిన్న సంగతే. కులం మొత్తం ఒక్క మనిషిలా ఓటెయ్యదు, ఒకే కులంలోని పెద్దలు తమలో తాము ముఠాలు కట్టి కొట్టుకుంటారు, ఒక్కో ముఠా కింద అన్ని కులాలవాళ్లూ ఉంటారు.

ఇది మనకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. పల్లెల్లో 'మాది ఆ పార్టీ, వాళ్లది ఈ పార్టీ' అంటే కాంగ్రెసు, కమ్యూనిస్టు అని అర్థం కాదు. ఊరికి రెండు పార్టీలు, ఎన్నికలు రాకముందు నుంచీ రెండు పార్టీలే. మునసబు గారి పార్టీ ఒకటి, ఆయనతో గట్టు తగాదా ఉన్న పెద్దరైతు పార్టీ ఒకటి. ఇద్దరూ ఒకే కులం, చాలాసార్లు ఒకే ఇంటిపేరు, ఒక్కోసారి అన్నదమ్ముల బిడ్డలు. వాళ్ల వెనక పాలేర్లు, కౌలుదార్లు, చాకలి మంగలి, మాల మాదిగ పేటల్లో సగం సగం. మునసబు గారు ఎడ్ల జతకు వేయిస్తే అవతలి ఆయన కంకి కొడవలికి వేయిస్తాడు. అక్కడ మార్క్సు లేడు, గాంధీ లేడు, గట్టు ఉంది. ఇంగ్లీషులో ముఠా, పార్టీ అన్న రెండు మాటలకు తేడా చెప్పడానికి పేజీలు పడతాయి. తెలుగు పల్లె రెంటికీ ఒకే మాట వాడి ఊరుకుంది.

ఎలియట్ లెక్క ఒప్పుకుంటే హారిసన్‌కు దొరకని చాలా ముడులు విడిపోతాయి. సంజీవరెడ్డి, నాగిరెడ్డి ఎదురెదురుగా ఎందుకు నిలబడ్డారో, రంగా, రాజేశ్వరరావు ఒకే కులంలో ఉండి ఎందుకు కలవలేదో అర్థమవుతుంది. కానీ ఈ పద్ధతికీ హద్దుంది. ఊరూరా తగాదా వేరు. అన్ని తగాదాలనూ కూడితే 31 శాతం ఎలా వస్తుంది? వరిపొలాల జిల్లాల్లో ఎక్కువ, మెట్ట జిల్లాల్లో తక్కువ ఎందుకు వస్తుంది? గట్టు తగాదాలు ఎక్కడైనా ఉంటాయి గదా.

ఆ ప్రశ్న పట్టుకుని వచ్చినవాడు డోనాల్డ్ జగోరియా. 1971లో, హారిసన్ రాసిన ఆ పత్రికలోనే, భారతదేశపు రైతు కమ్యూనిజం మీద వ్యాసం రాశాడు. అతను ఏ ఊరి అరుగు మీదా కూర్చోలేదు. జనగణన సంపుటాలు ఒకవైపు, ఎన్నికల ఫలితాలు ఇంకోవైపు పెట్టుకుని, రెంటికీ సంబంధం అంకెల్లో తీశాడు. జనం కిక్కిరిసి భూమి చాలనిచోట, సొంత భూమి లేనివాళ్లు ఎక్కువగా ఉన్నచోట కమ్యూనిస్టుల ఓటు ఎక్కువని తేలింది. కేరళ, పశ్చిమ బెంగాలు, మన డెల్టా, మూడూ ఒకే గాటన కట్టొచ్చన్నాడు. కులం కాదు, భూమి.

ఇప్పుడు తమాషా చూడండి. ఒకటే డెల్టా. హారిసన్ ఏమో కమ్యూనిస్టు పార్టీ పెద్దరైతుల కులం చేతిలో పనిముట్టు అన్నాడు. జగోరియా ఏమో అది భూమిలేనివాళ్ల కేక అన్నాడు. రెండూ ఎలా నిజమవుతాయి?

దీనికి జవాబు 1950లోనే విలియం రాబిన్సన్ అనే అమెరికన్ ఇచ్చి ఉన్నాడు, మన దేశం ఊసే ఎత్తకుండా. అతను తీసుకున్నది 1930 అమెరికా జనగణన. విదేశాల్లో పుట్టి వలస వచ్చినవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో నిరక్షరాస్యత తక్కువని, రెంటి సంబంధాన్ని కొలిచే అంకె చెప్పింది, మైనస్ 0.526. అది చూసి వలసవచ్చినవాళ్లు బాగా చదువుకున్నవాళ్లు అనుకుంటాం. కానీ మనుషులను విడివిడిగా లెక్కేస్తే అంకె తిరగబడింది, ప్లస్ 0.118. వలసవాళ్లలో నిరక్షరాస్యులే కాస్త ఎక్కువ. మరి ముందు అంకె అలా ఎందుకొచ్చింది? వలసవాళ్లు చదువున్న రాష్ట్రాల్లో వెళ్లి స్థిరపడ్డారు కాబట్టి. ప్రాంతానికి నిజమైంది మనిషికి నిజం కానక్కర్లేదు.

ఇదే మన డెల్టాకు వర్తింపజేయండి. భూమిలేనివాళ్లు ఎక్కువున్నచోట కమ్యూనిస్టుల ఓట్లు ఎక్కువ, సరే. ఆ ఓట్లు వేసింది భూమిలేనివాళ్లేనా? కావచ్చు. భూమిలేనివాళ్లు ఎక్కువున్నచోట పెద్దరైతులూ ఉంటారు, వాళ్ల చదువుకున్న కొడుకులు పార్టీలో ఉంటారు, ఆ కొడుకులు చెప్పినచోట పాలేర్లు ఓటేస్తారు. అదీ కావచ్చు. జిల్లా అంకె రెంటికీ ఒకేలా తలూపుతుంది. హారిసన్ పైనున్న నాయకుణ్ణి చూసి కిందివాడి సంగతి ఊహించాడు. జగోరియా చుట్టూ ఉన్న నేలను చూసి మీది మనిషిని ఊహించాడు. ఇద్దరూ మరుగు బయటే నిలబడ్డారు.

మన దేశంలో ఓటరునే నేరుగా అడిగే పద్ధతికి పెద్ద ఎత్తున పునాది పడింది కొఠారి 1963లో ఢిల్లీలో స్థాపించిన వర్ధమాన సమాజాల అధ్యయన కేంద్రంతో. 1967 సాధారణ ఎన్నికలకు ఆ కేంద్రం దేశవ్యాప్తంగా నమూనా సర్వే చేసింది. ఎవరికి ఓటేశారు, ఎందుకు, ఎవరు చెప్పారు అని ఓటరునే అడిగింది. ఆ సర్వేలకూ వాటి జబ్బులు వాటికున్నాయి. గెలిచిన పార్టీకే వేశామని చెప్పేవాళ్లు ఎప్పుడూ కొందరు ఎక్కువే తేలతారు. ఆ కథ వచ్చే భాగంలో. కానీ 1955కు ఆ పాటి సాక్ష్యం కూడా లేదు. హారిసన్, విండ్‌మిల్లర్, వైనర్, ఎలియట్, జగోరియా వీళ్లెవరి రాతల్లోనూ ఆ ఫిబ్రవరిలో చీటీ పట్టుకుని మరుగులోకి వెళ్లిన మనుషుల నమూనా సర్వే లేదు.

ఆరోజుల్లో 21 ఏళ్లు నిండితేనే ఓటు. కాబట్టి 1955లో ఓటేసినవాళ్లు ఎవరైనా మీ ఇంట్లో, మీ వీధిలో మిగిలి ఉంటే, ఇప్పటికి తొంభై దాటి ఉంటారు. వాళ్ల దగ్గర కూర్చుని అడగండి. ఏ పార్టీకి వేశారని మొదలుపెట్టొద్దు, అది వాళ్ల రహస్యం. ఓటు అడగడానికి మీ ఇంటికి ఎవరొచ్చారు, ఎవరితో కలిసి పోలింగు బూత్‌కు వెళ్లారు, పెట్టెల గదిలో ఏం కనిపించింది, బయటికొచ్చాక ఎవరైనా ఏమైనా అడిగారా అని అడగండి. ముఖ్యంగా ఆడవాళ్లను అడగండి, ఈ అయిదుగురి రాతల్లోనూ వాళ్ల గొంతు దాదాపు లేదు. చెప్పింది చెప్పినట్టు, వాళ్ల మాటల్లోనే, ఊరి పేరు, తేదీ వేసి ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి.